దగ్గు

బార్రియా గారు నా బల్ల మీద కాగితం పెట్టి వెళ్లారు.
నాలుగో తరగతి, ఇరవై రెండు పేర్లు,
మూడింటి పక్కన పెన్సిల్ చుక్కలు.
చుక్కలంటే ఏమిటో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.
ఇలాంటివాటికి పెన్ను వాడరు.

చిలోయె దీవుల్లో అక్టోబరుని వసంతం అంటారు గానీ
వానే.
స్టౌ చుట్టూ పిల్లల మేజోళ్లు ఆరుతుంటాయి.
ఆ తడి ఉన్ని వాసనలో
ఆగస్టు నుంచీ పాటలు మానేశాం,
మట్టిబొమ్మలు మానేశాం,
ఆల్చిప్పలు లెక్కపెట్టడానికి ఒడ్డుకి వెళ్లడం మానేశాం.
నాలుగు గడుల్లో ఒకటి నల్లగా దిద్దడం,
అదొక్కటే నేర్పుతున్నాను.
గడి దాటకూడదు,
సగం నలుపు చెల్లదు,
రెండు దిద్దితే రెండూ పోతాయి.
దేవుడు కూడా ఇంత పట్టింపు మనిషి కాదు.

మొదటి రెండు చుక్కలకీ నా అవసరం పడలేదు.
ఒకమ్మాయికి నిజంగానే జ్వరం,
ఇంకొకణ్ణి బంగాళాదుంపలు నాటడానికి
వాళ్ల నాన్న ఎలాగూ ఆపేశాడు.
మూడో చుక్క ఎలిసెయో.

వాళ్లమ్మ నోల్వియాది సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ముళ్లు పీకే చేతుల్తోనే ఫోనెత్తింది.
"పిల్లాడికి దగ్గులా ఉందమ్మా,
రేపొక్కరోజు పంపకండి, చలిగాలి."
అవతల చాలాసేపు యంత్రాల మోత.
"దగ్గా?" అంది.
"దగ్గే," అన్నాను.
"మీరు చెప్తున్నారంటే ఉండే ఉంటుంది, టీచర్."

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో
నేనెవరికీ రోగం అంటగట్టలేదు.

తెల్లారి, సీలు వేసిన పెట్టెల వెనకాలే
రాజధాని నుంచి ఒక కుర్రాడు దిగాడు,
మెడలో కార్డు, కాళ్లకి తడిసిన బూట్లు.
గంటకింకా మూడు నిమిషాలుందనగా
తలుపు దగ్గర పసుపు రెయిన్‌కోటు.
లాంచీ దిగి పరిగెత్తినట్టున్నాడు, రొప్పుతున్నాడు.
నా మొహంలోకి ఒకసారి చూసి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని
బుద్ధిగా రెండుసార్లు దగ్గాడు.

దగ్గంటే ఏమిటో వాడికి తెలియక కాదు,
పోయిన చలికాలమంతా తాత పక్కనే పడుకున్నాడు.
నా మాట బొంకు కాకూడదని
తొమ్మిదేళ్లవాడు
నా కోసం దగ్గాడు.
"కొంచెం తగ్గింది టీచర్, రాయగలను."

కిటికీ పక్క బెంచీ చూపించాను.

ఏ మాటకీ అర్థం విప్పి చెప్పనని
అప్పటికే సంతకం చేసి ఉన్నాను.
పదకొండో ప్రశ్న దగ్గర వాడు చెయ్యెత్తాడు.
"మెట్లు వాటంతటవే పైకెలా పోతాయి టీచర్?"
ఏదో పెద్ద బజారట, ఎవరో అమ్మాయట,
కదిలే మెట్లెక్కి ఎన్నో అంతస్తులో నాన్నని కలుసుకుంటుందట.
వాడి దీవిలో తనంతట తనే పైకీ కిందికీ పోయేది
సముద్రం ఒక్కటే,
మూడు నిలువుల ఎత్తు, రోజుకి రెండుసార్లు.
ఆ ముక్క చెవిలో వేస్తే చాలు,
అందుకునేవాడు.
కార్డు కుర్రాడు నా వైపే చూస్తున్నాడు.
"నీకు తోచింది దిద్దు," అన్నాను.

నీళ్లు వెనక్కి తీసిన ఒడ్డుని
చాలాసేపు చూశాడు కిటికీలోంచి.
తర్వాత తల దించి ఒక గడి నల్లగా చేశాడు.
ఏ గడో నేను చూడలేదు.
చూడకూడదు కూడా.

మార్చిలో ఫలితాలొచ్చాయి.
మా బడి పేరు పక్కన ఎర్ర బాణం, కిందికి.
బార్రియా గారు పల్లెత్తు మాట అనలేదు.
స్టాఫ్ రూములో టీ కెటిల్ మాత్రం
నా దాకా వచ్చేసరికి ఖాళీ అవుతోంది.
ఎలిసెయో ఎన్ని రాశాడో
ఆ కాగితాన్ని ఎటు తిప్పినా లేదు.
అందులో పిల్లలుండరు,
సగటు ఉంటుంది.

నిన్న నోల్వియా బడికొచ్చింది.
చేతిలో జాము సీసా, అడుగున తేనె, వెల్లుల్లి రెబ్బలు.
"మీరు ఫోన్ చేశాక వారం రోజులు పట్టించాను.
మళ్లీ ఒక్కసారి దగ్గితే ఒట్టు."
కృతజ్ఞతో, ఇంకేదైనానో,
చేపల చలికి పగిలిన ఆ మొహంలో
నాకు దొరకలేదు.
సీసా నా చేతిలో పెట్టి మూత బిగించింది.
"మిగిలింది మీ దగ్గరుంచండి, టీచర్.
అక్టోబరు మళ్లీ వస్తుందిగా."